గిడుగు రామమూర్తి పంతులు: పాఠశాల తుది తరగతిలో తెలుగు

ఆధునికాంధ్ర భాషా చరిత్రమున గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరు వ్యావహారిక భాషోద్యమముతో పెనవైచికొని యున్నది. ఆ యుద్యమము కవుల గోష్ఠిలో పుట్టినది కాదు; పత్రికా సంపాదకుల వివాదములలోను పుట్టలేదు. పాఠశాల తుది తరగతి విద్యార్థి పరీక్షలో వ్రాయవలసిన తెలుగు వ్యాసము ఏ భాషలో నుండవలెనను చిన్న ప్రశ్న దానికి మూలము. పాఠశాల ముగిసి కళాశాల మొదలగు ఆ గడపకడ నిలిచిన బాలునికి సాహిత్యము నేవిధముగా నేర్పవలెననునదే రామమూర్తి పంతులుగారు మూడు దశాబ్దములకు పైగా చర్చించిన విషయము. వారి జీవితమును ఈ దృష్టితో పరిశీలించినచో వారి వాదముయొక్క హద్దులును, బలమును స్పష్టమగును.

మదరాసు విశ్వవిద్యాలయము 1857లో స్థాపితమైన తరువాత, పాఠశాల తుది సంవత్సరపు చదువు చాలకాలము ఆ విశ్వవిద్యాలయపు ఆధీనముననే యుండెను. మెట్రిక్యులేషను పరీక్షను నడపునది విశ్వవిద్యాలయమే. పఠనీయ భాగములను నిర్ణయించునదియు నదియే. అందుచేత పాఠశాలలోని కడపటి తరగతి నామమాత్రమునకు పాఠశాలకు చెందినదైనను, అందలి సాహిత్య పాఠము కళాశాల నీడలోనే నడచెను. పదునాఱేండ్ల బాలుడు పురాణ ప్రబంధ భాగములను చదివి, ప్రతిపదార్థము చెప్పి, ఆ భాషలోనే స్వయముగా వ్రాయుటకు ప్రయత్నించుచుండెను.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపముననున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీరరాజుగారు పర్లాకిమిడి జమీనులో రెవిన్యూ ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. బాల్యముననే తండ్రి గతించుటచే బంధువుల యాశ్రయమున చదువు సాగించవలసి వచ్చెను. విజయనగరమున మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుచున్న కాలమున గురజాడ వేంకట అప్పారావుగారు వారికి సహాధ్యాయులు. ఆ బాల్యస్నేహము తరువాతి కాలమున తెలుగు భాషాచరిత్రనే మార్చినది. రామమూర్తిగారు 1879లో మెట్రిక్యులేషనునందు ఉత్తీర్ణులైరి. అప్పారావుగారు కళాశాలలో చేరి 1886లో పట్టపరీక్ష పూర్తిచేసిరి. రామమూర్తిగారికి ఆ వీలు లేకపోయెను. కుటుంబభారము వారిపై బడెను. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరునాటికి వారి వయస్సు పదునేడేండ్లు మాత్రమే.

అటుపిమ్మట వారి విద్య ఉద్యోగము చేయుచు స్వయముగా సాధించినది. 1886లో ఎఫ్.ఏ. పరీక్షయందును, మఱికొన్నేండ్లకు పట్టపరీక్షయందును కృతార్థులైరి. ఇందొక విశేషము గమనింపదగినది. వారు పట్టపరీక్షకు చరిత్రమును, సంస్కృతమును గైకొనిరే కాని తెలుగును గైకొనలేదు. తెలుగు వ్యాకరణమును, కావ్యములను గురుముఖమున అభ్యసించిన పండితులు కారు. తరువాతి కాలమున ప్రతిపక్షులు దీనిని లోపముగా ఎంచిరి. వాస్తవమునకు వారి దృష్టికి ప్రత్యేకత నిచ్చినది ఈ స్థితియే. వ్యాకరణ సూత్రములను ముందుగా నమ్మి ఆపైన గ్రంథములను చూచినవారు కారు. గ్రంథములను శోధించి, ఆ తరువాత సూత్రములను వానితో సరిపోల్చిన చరిత్రకారులు.

పర్లాకిమిడి పాఠశాల క్రమముగా ద్వితీయశ్రేణి కళాశాల యయ్యెను. చరిత్రాధ్యాపకులుగా చేరిన రామమూర్తిగారికి కళాశాల తరగతులకు సైతము బోధించు అవకాశము కలిగెను. ఆనాటి జమీందారీ పట్టణములలో ఉన్నత పాఠశాలయు, ఎఫ్.ఏ. తరగతులును ఒకే సంస్థలో నడచుచుండెడివి. ఇట్టి సంస్థలో పాఠశాల తుదియేటి విద్యార్థికిని, కళాశాల తొలియేటి విద్యార్థికిని గల అంతర మెంతయో ఆ ఉపాధ్యాయునికి నిత్యానుభవమున తెలియుచుండును. చరిత్ర పాఠముల నిమిత్తమై వారు ముఖలింగ దేవాలయ శాసనములను స్వయముగా చదువ నేర్చిరి. ప్రాచీన గాంగరాజుల రాజధానియైన కళింగనగరము ముఖలింగమే యని ప్రతిపాదించిరి. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనమును పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించిరి. శాసన పరిశోధన వారికి నేర్పిన పాఠమొకటి యున్నది: భాష యెట్లుండవలెనని విధించుటకు ముందు అది యెట్లున్నదో చూడవలెను.

ఆ పాఠమునే సవర భాషయందు మఱింత శ్రద్ధతో అనుష్ఠించిరి. పర్లాకిమిడి పరిసరములలోని కొండలపై నివసించు సవరల భాష ముండా కుటుంబమునకు చెందినది. దానికి అప్పటికి వ్రాతగ్రంథములు లేవు. రామమూర్తిగారు ఆ భాష నెఱిగిన వానిని ఇంట నుంచుకొని, మాటలను విని, వ్రాసికొని, సంవత్సరముల తరబడి అభ్యసించిరి. సవర బాలురకై వాచకములను రచించి, బడులు పెట్టించిరి. మదరాసు ప్రభుత్వము 1911లో ఆ పుస్తకములను అచ్చువేయించినది. పారితోషికమీయజూపగా దానిని స్వీకరింపక, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుమని కోరిరి. వారు ఆంగ్లమున రచించిన సవర భాషావ్యాకరణము 1931లోను, సవర–ఆంగ్ల నిఘంటువు 1938లోను ప్రకటితములైనవి. ఈ కృషికి వారు చెల్లించిన మూల్యము సామాన్యమైనది కాదు. మన్యపు జ్వరములకై సేవించిన క్వినైను మూలమున వారి వినికిడి చెడిపోయెను. చెవితో భాషను పట్టి గ్రంథమున కెక్కించిన పండితునికి తుదకు ఆ చెవియే దూరమయ్యెను. సవర బాలునికి వాని యింటి మాటలో చదువు చెప్పిన ఉపాధ్యాయుడు, తెలుగు బాలునికి వాని యింటి మాట చదువులో పనికిరాదను నియమమును తరువాత ప్రశ్నించుటలో ఆశ్చర్యమేమియు లేదు.

ఆ ప్రశ్నకు సందర్భము 1907లో కలిగెను. ఆ సంవత్సరము ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా జె.ఏ. యేట్సు దొరగారు వచ్చిరి. పిల్లలు మాటలాడు తెలుగునకును, వారి పుస్తకములలోని తెలుగునకును గల యెడము ఆయనకు వింతగా తోచెను. విశాఖపట్టణమున మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలకు ప్రిన్సిపాలుగానున్న పి.టి. శ్రీనివాస అయ్యంగారిని ఆ విషయమై ప్రశ్నింపగా, దానిని తేల్చుటకు గురజాడవారును గిడుగువారును సమర్థులని అయ్యంగారు సూచించిరి. అది మొదలుగా ఈ నలువురి కృషి వలన వ్యావహారిక భాషావాదమునకు రూపము కలిగెను. అప్పారావుగారు అప్పటికే 1897లో కన్యాశుల్క నాటకమును ప్రకటించి వాడుకభాషయొక్క శక్తిని నిరూపించియుండిరి. రామమూర్తిగారు సృజన సాహిత్యమును గాక, ప్రమాణ నిరూపణమును తమ పనిగా నెంచుకొనిరి.

ఇదే కాలమున పరీక్షల స్వరూపము మాఱెను. 1904 నాటి విశ్వవిద్యాలయ శాసనము ననుసరించి జరిగిన సంస్కరణములలో ఎఫ్.ఏ. స్థానమున ఇంటర్మీడియట్టును, మెట్రిక్యులేషను స్థానమున స్కూలు ఫైనలును ఏర్పడినవి. దేశభాషలో వ్యాసరచనకు ఈ రెండింటను ప్రాముఖ్యము వచ్చెను. పూర్వము పద్యమునకు అర్థము చెప్పి గట్టెక్కిన విద్యార్థి ఇప్పుడు తన యాలోచనను తెలుగు గద్యమున వ్రాసి చూపవలసి వచ్చెను. ఆ గద్యమే భాషలో నుండవలెనను సమస్య అప్పుడే తప్పించుకొనరానిదయ్యెను.

సమస్యయొక్క స్వరూపమును భాషావేత్తలు గుర్తించుట అవసరము. విద్యార్థి యింట వస్తున్నాను అనును. వ్యాసమున వచ్చుచున్నాను అని వ్రాయవలెను. వాడు వచ్చాడు అని పలుకును. వాడు వచ్చెను అని వ్రాయవలెను. ఇవి తేలికగా నేర్వదగినవే. అర్ధబిందువు ఎచ్చట నుంచవలెనో, శకటరేఫ ఎచ్చట రావలెనో, ద్రుతము మీది పరుషములు ఎట్లు సరళములగునో, గసడదవాదేశ మెప్పుడు జరుగునో, ఇవియన్నియు ఉచ్చారణమున వినబడని లేక వాడుకనుండి తొలగిపోయిన భేదములు. వీనిని చెవి చెప్పదు; కంఠస్థము చేసిన సూత్రమే చెప్పవలెను. ఫలితముగా పరీక్షాపత్రమున విద్యార్థి ఆలోచనకంటె వర్ణక్రమమే యెక్కువ పరీక్షింపబడెను.

స్కూలు ఫైనలు వ్యాసమును కావ్యభాషలోనైనను ఆధునికభాషలోనైనను వ్రాయవచ్చునని 1912–13 ప్రాంతమున అధికారులు అనుమతి నిచ్చిరి. సెట్టి లక్ష్మీనరసింహముగారు వాడుకభాషలో వ్రాసిన గ్రీకు పురాణ కథలు పాఠ్యగ్రంథములలో చోటు సంపాదించెను. ఇది ఆధునిక భాషకు లభించిన మొదటి విజయము. విధించినది కాదు, ఇచ్ఛను బట్టి అనుసరింపదగిన స్వేచ్ఛ మాత్రమే. అయినను దేశమున పెద్ద సంచలనము కలిగెను.

మదరాసులో 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ప్రతిపక్షమునకు ప్రధాన స్థానమయ్యెను. జయంతి రామయ్య పంతులుగారు దానికి నాయకులు. వేదము వేంకటరాయ శాస్త్రిగారు, వావిలికొలను సుబ్బారావుగారు మొదలైన మహాపండితులు దానిలో నుండిరి. ఊరూర సభలు జరిగెను. ప్రభుత్వమునకు మహజరులు వెళ్లెను. వారి భయము నిరాధారమైనది కాదు. తెలుగు మాట జిల్లాకొక తీరుగా నున్నది. గ్రంథభాష యొక్కటియే ఆ జిల్లాల నన్నింటిని కలిపి యుంచుచున్నది. ఇప్పుడు పాఠశాలలోనే ఆ భాషను విడిచినచో కళాశాలకు పోవు విద్యార్థికి నన్నయ తిక్కనలు పరభాషాకవులగుదురు. తుది తరగతిలో పునాది వేయక పై తరగతిలో మేడ కట్టుట యెట్లు? ఇది వారి వాదము. దీనికి సమాధానము చెప్పనిదే వ్యావహారికవాదము నిలువజాలదు.

రామమూర్తిగారు 1911లో ఉద్యోగవిరమణ చేసి, శేషజీవితమును ఆ సమాధానమునకే వినియోగించిరి. 1913లో ఆధునికాంధ్రమును గూర్చి ఆంగ్లమున విపులమైన వినతిపత్రమును ప్రకటించిరి. వారి సమాధానమున మూడు అంశములు గలవు. మొదటిది: కావ్యములను చదివి గ్రహించుట వేఱు, కావ్యభాషలో వ్రాయుట వేఱు. ప్రాచీన సాహిత్యమును పాఠశాలలోను కళాశాలలోను చదువవలసినదే. దానిని తొలగించుమని వారెన్నడు కోరలేదు. కాని చదివిన భాషలోనే స్వంత భావమును వ్రాసి తీరవలెననుట అన్యాయము. రెండవది: తాము కోరునది గ్రామ్యము కాదు, శిష్టవ్యావహారికము. చదువుకొన్నవారు సభలలోను ఉత్తరములలోను వాడు భాష జిల్లాలకు మించిన సామాన్యరూపమును పొందియే యున్నది. మూడవది మిక్కిలి బలమైనది: గ్రాంథికమని బోధింపబడుచున్న భాషను దాని పక్షపాతులే తప్పులు లేకుండ వ్రాయజాలకున్నారు.

ఈ మూడవ యంశమును నిరూపించుటకు వారు పడిన శ్రమ అసాధారణము. చిన్నయసూరి బాలవ్యాకరణ సూత్రములను ముందుంచుకొని, సూరి రచనలను సైతము విడువక, ప్రసిద్ధ పండితుల గద్యములను పంక్తి పంక్తిగా పరిశీలించి, సూత్రవిరుద్ధ ప్రయోగములను పట్టికలుగా చూపిరి. బాలకవిశరణ్యము, ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము అను గ్రంథములు ఈ పరిశీలన ఫలములు. గద్యచింతామణియందు పూర్వకాలపు గద్యములనుండి ఉదాహరణములను సేకరించి, వాడుకరూపములతో వ్రాయుట తెలుగువారికి క్రొత్త కాదని స్థాపించిరి. పండితులను అవమానించుట వారి యుద్దేశము కాదు. జీవితమంతయు వ్యాకరణమునకు ధారపోసిన విద్వాంసునికే సాధ్యపడని నిర్దుష్టత్వమును పదునాఱేండ్ల బాలుని పరీక్షాపత్రమున కోరుట ధర్మమా యనునదే ఆ పట్టికలన్నింటి వెనుకనున్న ప్రశ్న.

స్కూలు ఫైనలునందలి వివాదము ఇంటర్మీడియట్టునకు ప్రాకెను. కళాశాల వ్యాసరచన భాషను గూర్చి విశ్వవిద్యాలయము నియమించిన సంఘమున అధిక సంఖ్యాకులు గ్రాంథికపక్షమువారు. సభ్యులైన అప్పారావుగారు వారితో విభేదించి తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి; అది 1914లో ప్రకటితమైనది. రామమూర్తిగారి పరిశోధనలును, అప్పారావుగారి తర్కమును ఒకదాని కొకటి బలము చేకూర్చుకొనెను. అయినను విశ్వవిద్యాలయము గ్రాంథికమునే నిలిపెను. స్కూలు ఫైనలున నిచ్చిన స్వేచ్ఛయు నిలువలేదు. 1915 నవంబరు 30వ తేదీన అప్పారావుగారు పరమపదించిరి. బాల్యమిత్రుడు పోయెను, అధికారుల సానుభూతి పోయెను, వినికిడియు తగ్గుచుండెను. ఏబదిరెండేండ్ల వయస్సున రామమూర్తిగారు ఇంచుమించు ఒంటరిగా మిగిలిరి.

ఈ యోటమిని ఇతర దేశభాషల చరిత్రతో పోల్చిచూచుట ఉపయుక్తము. వంగభాషలో సాధు చలిత రూపములకు నడుమ ఇట్టి వివాదమే జరిగినది. 1914లోనే ప్రమథ చౌధురి సబుజ్ పత్ర మాసికను స్థాపించి చలితభాషకు సాహిత్యగౌరవము నార్జించెను. రవీంద్రుడు ఆ మార్గమున కలిసివచ్చెను. అచ్చట మార్పు ముందు సాహిత్యపత్రికలో జరిగి, పిదప పాఠశాలకు చేరెను. తెలుగునందు మార్పు పరీక్షామందిరమున ఆరంభమయ్యెను. పరీక్షయందు శాసించువారు ఒక సంఘముగా కూడి ఓటు వేయుదురు. అందుచేత అచ్చట పూర్వాచారము గెలుచుట సులభము. ఈ భేదమును రామమూర్తిగారు త్వరలోనే గ్రహించినట్లు వారి తరువాతి కృషి తెలుపుచున్నది.

వారు పరీక్షాధికారులను విడిచి పాఠకుల వైపు తిరిగిరి. 1919లో వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజము ఏర్పడెను. గ్రాంథిక గద్యమున అఖండకీర్తి గడించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు దానికి అధ్యక్షులగుట ఆ పక్షమునకు గొప్ప బలము. కాని ఆ సంవత్సరము మే నెలలోనే వారు స్వర్గస్థులైరి. 1919–20లో రామమూర్తిగారు తెలుగు అను మాసపత్రికను నడపిరి. ఊరూర తిరిగి, గ్రంథముల కట్టలతో సభలకు పోయి, గంటల తరబడి ప్రయోగములను చదివి వినిపించుచుండిరి. ప్రతిపక్షుల ప్రశ్నలు వారి చెవికి సరిగా వినబడకున్నను, ఆ ప్రశ్నల సారమును వారు ముందే యెఱుగుదురు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికముపై తన నిషేధమును ఎత్తివైచెను. 1933లో సప్తతి పూర్తి సందర్భమున విద్వాంసులు వ్యాససంగ్రహమును వారికి సమర్పించి గౌరవించిరి. అప్పటికి క్రొత్తతరపు కవులు, కథకులు వారి పక్షముననే యుండిరి.

1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అందు చేరెను. ఆ పట్టణమును తెలుగువారి నుండి వేఱుచేయుటను ప్రతిఘటించిన రామమూర్తిగారు, ఏబదియైదు సంవత్సరములకు పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1938లో వారిని కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. కళాశాలలో తెలుగు చదువని వ్యక్తికి తెలుగు విశ్వవిద్యాలయములలో మొదటిది ఇచ్చిన గౌరవమది. 1940 జనవరి 15వ తేదీన మదరాసులో ప్రజామిత్ర కార్యాలయమున పత్రికా సంపాదకులకు తమ తుది విన్నపమును వినిపించిరి. వారమునకు జనవరి 22వ తేదీన తనువు చాలించిరి. విశ్వవిద్యాలయములు అప్పటికిని వారి మాట నంగీకరింపలేదు.

వారి గెలుపు వారి మరణానంతరమున, వారు కోరిన చోటనే వచ్చినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్టునకును, పై తరగతులకును వలసిన పాఠ్యగ్రంథములను ఆధునిక వ్యావహారికమున వెలువరించినది. 1914లో ఏ పరీక్షకై అప్పారావుగారు అసమ్మతిని వ్రాయవలసివచ్చెనో ఆ పరీక్షకే వ్యావహారికము సహజభాష యయ్యెను. వారి జన్మదినము నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపబడుచున్నది.

ప్రతిపక్షుల ప్రశ్న మాత్రము పూర్తిగా తీఱినదని చెప్పరాదు. వ్రాయు భాష వాడుకకు దగ్గఱయైన తరువాత ప్రాచీన సాహిత్యమును చదువు శక్తి తగ్గునేమో యని వారు పడిన భయమును నేటి అధ్యాపకులును ఎఱుగుదురు. రామమూర్తిగారి వాదమునందలి రెండవ సగము, అనగా కావ్యములను తప్పక చదువవలెనను భాగము, మొదటి సగమువలె ఆచరణకు రాలేదు. తెలుగు రాష్ట్రముల వెలుపల ఈ సమస్య మఱింత తీవ్రము. పర్లాకిమిడివలెనే పరరాష్ట్రమున నున్న తెలుగువారు పెక్కురు. ఛత్తీస్‌గఢ్‌లో భిలాయి ఉక్కు కర్మాగారమునకు 1959లో తొలి బ్లాస్టు ఫర్నేసు వెలిగిన పిదప పెరిగిన పట్టణమున, సుపేలా వంటి పేటలలో, తెలుగు కుటుంబములు స్థిరపడినవి. అట్టిచోట పెరుగు బాలునికి తెలుగు ముందుగా ఇంటి మాట. గ్రంథము తరువాతి సంగతి. వాని మాటను తప్పని త్రోసిపుచ్చినచో వాడు గ్రంథమువఱకు రానే రాడు. ఆ మాటతోనే ఆరంభించి, పాఠశాల తుదియేటికి తిక్కన పద్యము నొకదానిని అర్థము చేసికొనగలిగినచో రామమూర్తిగారి పద్ధతి సంపూర్ణముగా అమలు జరిగినట్లగును.

సవర పిల్లల వాచకము మొదలుకొని ఇంటర్మీడియట్టు వ్యాసమువఱకు వారు అనుసరించిన సూత్రమొక్కటియే: విద్యార్థికి తెలిసిన దానినుండి తెలియని దానికి దారి వేయవలెను. పాఠశాలకును కళాశాలకును నడుమనున్న గడపను పడగొట్టవలెనని వారు కోరలేదు. ఆ గడప బాలుడు తన మాటతో దాటగలిగినంత యెత్తున నుండవలెనని మాత్రమే కోరిరి.